రెండో చెయ్యి



మన గిద్దలూరు సంఘంలోని ఒక సహోదరి సాక్ష్యం ఆమె అనుమతితో రాస్తున్నాను. పేరు చెప్పను. ఇందులో నా ఒప్పుకోలు కూడా ఉంది.

ఆమెకింకా ముప్పై ఏళ్లు నిండలేదు. బిందె ఎత్తితే ఎడమచెయ్యి లాగేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బీపీ చూసిన ప్రతిచోటా ఎడమచేతికే పట్టీ కట్టి, తక్కువుందన్నారు. ఉప్పేసుకుని మజ్జిగ తాగమన్నారు. నేనేమో, "భయం పెట్టుకున్నావమ్మా, మూడు రోజులు ఉపవాసముండు" అన్నాను.

చివరికి వేలూరు సీఎంసీకి వెళ్లారు. అక్కడ డాక్టరు ఆమె రెండు చేతులూ పట్టుకుని చూశారు. ఎడమ మణికట్టు దగ్గర నాడి అందలేదు. కుడిచేతికి చూస్తే బీపీ 190!

జబ్బు పేరు టకయాసు ఆర్టరైటిస్. 1908లో జపాను కంటి డాక్టరు టకయాసు ఒక యువతి కంటి రక్తనాళాల్లో వింత మార్పులు గమనించి చెప్పినందున ఆ పేరు వచ్చింది. అరుదైనదే, కానీ ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకే వస్తుంది. గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం, దాని కొమ్మల గోడలు వాచి, లోపలి దారి ఇరుకవుతుంది. చేతికి వెళ్లే నాళం మూసుకుపోతే అక్కడ బీపీ తక్కువ చూపిస్తుంది. కిడ్నీకి వెళ్లే నాళం ఇరుకైతే అసలు బీపీ పెరిగిపోతుంది. ఆ ఒత్తిడికి ఎదురు కొట్టుకుని గుండె అలసిపోతుంది. కొందరికి గుండె కవాటం లీకవుతుంది. మన సహోదరికి అప్పటికే గుండె పెద్దదయింది.

తిరిగొచ్చాక క్షమించమని అడిగాను. "ఆ మూడు రోజులూ లేవలేకపోయా అయ్యగారూ. మీకు చెప్పాలంటే భయమేసింది" అంది.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని చూడండి. జనం తోసుకుంటున్నా ప్రభువు ఆగాడు. ఆమె తన సంగతంతా చెప్పేదాకా విన్నాడు. ఆ డాక్టరు రెండో చెయ్యి కూడా పట్టుకున్నారు. నేను సగం మాట విని సలహా ఇచ్చాను.

ఇప్పుడామె స్టెరాయిడ్ మాత్రలు, బీపీ మాత్రలు వాడుతోంది. ముఖం ఉబ్బిందని ఆరాధనకు రావడానికి సిగ్గుపడుతోంది. "విశ్వాసముంటే మాత్రలెందుకు?" అని ఎవరో అన్నారట. అలా అనకండి. స్టెరాయిడ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ప్రమాదం. ప్రార్థిద్దాం, మాత్ర వేసుకోమని గుర్తుచేద్దాం.

మీ ఇంట్లో పిల్లకు చెయ్యి లాగుతున్నా, ఆయాసమొస్తున్నా, రెండు చేతులకూ బీపీ చూడమని అడగండి.

ఈ ఆదివారం ఆమె వస్తే ముఖం గురించి అడగొద్దు. పక్కన కూర్చోండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.