కదిర్కామంలో నూనె చుక్క

పుదుచ్చేరి అనగానే యాత్రికుని మనస్సు సముద్రతీరానికీ, పసుపువన్నె గోడల ఫ్రెంచి వీధులకూ పరుగెత్తుతుంది. పట్టణానికి వాయవ్యంగా ఉన్న కదిర్కామాన్ని చూడబోయేవారు అరుదు. శ్రీలంకలోని కతరగామ మురుగన్ క్షేత్రాన్ని తమిళులు ఏ పేరుతో పిలుస్తారో, ఈ పేటకూ అదే పేరు. ఇందిరాగాంధీ వైద్యకళాశాలకు వచ్చిపోయేవారి రద్దీ తప్ప చూడదగిన వింతలేవీ ఇక్కడ లేవు. అయినా నేను అక్కడ మూడు రోజులు గడిపాను. కారణం ఒక పాత అంబాసిడర్ కారు.

ఆ కారు యానాం వాస్తవ్యులైన నా మిత్రునిది. వారి తండ్రిగారు కొన్నది. గోదావరి ఒడ్డున ఉన్నప్పటికీ యానాం పుదుచ్చేరి పాలనలోనిదే గనుక, ఉద్యోగరీత్యా వచ్చిన ఆయన ఇక్కడే స్థిరపడ్డారు. ఇంజనును ఇదివరకు మరొకచోట విప్పి బిగించారు. నెల తిరగకుండానే నూనె కారి, క్లచ్ పలకను తడిపి, బండి వంతెన ఎక్కలేని స్థితికి వచ్చింది. “ఈసారీ కారితే తూకానికి అమ్మివేస్తాను” అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కారువైపు చూడలేదు.

వేపచెట్టు క్రింద రేకుల షెడ్డు. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. అనువాదకుడినైన నాకు ఆయన పలుకుబడి ఏ నిఘంటువులోనూ దొరకని సంపద. గాస్కెట్టు ఆయన నోట ప్యాకింగు. నూనె నిలిచే సంపు ఛాంబరు. అరిగిన పిస్టన్ రింగులను దాటి క్రిందికి చొరబడే వాయువు బ్యాక్ కంప్రెషన్.

“మర వదులై కారేది తక్కువ సార్, మరీ బిగిస్తే కారేదే ఎక్కువ” అన్నాడాయన. ఛాంబరును బోర్లించి అంచు చూపించాడు. పలుచని రేకు, బోల్టును బలంకొద్దీ బిగించినచోటనల్లా రంధ్రం చుట్టూ బుడిపె లేచింది. బుడిపె ప్యాకింగును నలిపివేస్తుంది. రెండు బోల్టుల నడుమ సందు మిగులుతుంది. ఎంత జిగురు పూసినా ఆ సందు మూయదు. పైగా పిండుకువచ్చిన జిగురు లోపల రాలి నూనెదారికి అడ్డుపడవచ్చు. ఆయన అంచును ఇనుపదిమ్మపై ఉంచి చిన్న సుత్తితో చదును చేశాడు. అద్దపు పలకపై పెట్టి వెలుతురు దూరకుండా ఉన్నదాకా మళ్ళీ మళ్ళీ సరిచూశాడు. ఈ పనికే ఒక పూట పట్టింది. ఎండి ముడుచుకున్న కార్క్ ప్యాకింగును నీటిలో నానవేసి, సాగిన తరువాత అమర్చాడు. బోల్టులను ఎదురుబొదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు.

అసలు చిక్కు ఇంజను వెనుక భాగంలో ఉంది. అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతి. 2014 వరకు ఉత్తరపాడాలో తయారైంది. ఈ కారులోని 1489 సి.సి. ఇంజనులో క్రాంకు షాఫ్టు వెనుక కొసను నేటి కార్లలోవలె రబ్బరు సీలు పట్టుకొని ఉండదు. షాఫ్టు మీదనే మరవంటి గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరుగుతూ ఉంటే ఆ గాడి నూనెను లోపలికి నెట్టివేస్తుంది. అంటే నూనెను ఆపేది చలనమే! ఇంజను ఆగిన పిమ్మట, ముఖ్యంగా వాలులో నిలిపినప్పుడు, కొంత నూనె జారవచ్చు. బేరింగులు అరిగితే షాఫ్టు అటూ ఇటూ ఆడి, గాడికీ దాని గూటికీ నడుమ సందు పెరుగుతుంది. వెనుకటివారు పాత బేరింగులనే ఉంచి జిగురును నమ్ముకొన్నారు. మేస్త్రీ షాఫ్టును కొలిపించి, సాన పట్టించి, దానికి తగిన బేరింగులు వేయించాడు, రింగులు మార్చాడు, మసితో పూడిన బ్రీదర్ గొట్టాన్ని శుభ్రం చేశాడు. లోపలి వాయువుకు దారి లేకపోతే అది నూనెను ఏదో ఒక అంచునుండి బయటికి తోస్తుంది గదా!

పుదుచ్చేరి ప్రజలు తాగేది భూగర్భజలమే. ఇక్కడి నేలలో ఇంకే నూనె ఎవరి బావికి చేరుతుందో ఎవరు చెప్పగలరు? ఆ షెడ్డులో విప్పిన ప్రతి ఇంజను క్రిందా పళ్ళెం ఉండడం చూసి సంతోషించాను.

మూడవనాటి సాయంత్రం కారును విల్లియనూరు దాకా నడిపి తెచ్చి, క్రింద తమిళ దినపత్రిక పరిచి ఉంచారు. మరునాడు ఉదయం మిత్రుడూ నేనూ వంగి చూశాము. గేరుపెట్టె మొదట, గాడి ఉన్నచోటుకు సూటిగా, రూపాయి నాణెమంత మరక ఒక్కటి ఉంది. మిత్రుని ముఖం వాడింది. మేస్త్రీ మాత్రం కాగితాన్ని మడిచి, “ఇది నిన్న ఆపిన తరువాత జారిన చుక్క. రేపూ ఇంతే ఉంటే నా పని సరి, పెరిగితే ఇంజను మళ్ళీ దింపుతాను, కూలి అడగను” అన్నాడు.

వారం తరువాత మిత్రుడు వరుసగా ఏడు కాగితాలను నా ముందు పరిచారు. మరక పెరగలేదు. కారును అమ్మే ప్రస్తావన ఆయన మళ్ళీ తేలేదు.