నాలుగు మీటర్లు

పిల్లలూ, బదిలీల ఇళ్ళలో ఉండే మనకు తొందర అలవాటే. ఆర్డరు చేతికొచ్చిన వారంలో సామాను కట్టేస్తాం, టీసీ తీసుకుంటాం, కొత్త ఊళ్ళో కొత్త భాషకు చెవి ఒగ్గుతాం. ఈ పరుగు అందుకోలేక వెనక మిగిలిపోయేది తాతయ్యలు, నానమ్మలే. కొందరు సొంతూళ్ళో ఉంటారు, కొందరు వృద్ధాశ్రమాల్లో.

ఈ ఏడు మేమూ, మా ఎనిమిదో తరగతి పిల్లలూ విశాఖలో ఒక ఆశ్రమానికి వెళ్ళాం. పాటలు పాడడం, పళ్ళు పంచడం ఎప్పుడూ ఉండేవే. ఆ తర్వాత నిర్వాహకులను అడిగి, వరండాలో సుద్దముక్కతో 4 మీటర్ల దూరానికి గీతలు గీశాం. పెద్దవాళ్ళ నడకను వైద్యులు చూసేదీ ఇలాగే. మామూలుగా నడవమని సెకన్లు లెక్కపెడతారు. 5 సెకన్లో, అంతకు మించో పడితే కండబలం సంగతి ఆరా తీస్తారు.

మా పిల్లలకు 3 సెకన్లు పట్టింది. ఒక మామ్మగారికి 9.

"ఏమర్రా, దీనికీ మార్కులేస్తారా?" అని నవ్వారావిడ.

మార్కులు వెయ్యలేదు గానీ లెక్క వేశాం. రోడ్డు దాటే సిగ్నళ్ళకు చాలా దేశాల్లో సెకనుకు సుమారు 1.2 మీటర్ల నడకను లెక్కలోకి తీసుకుంటారు. ఆ వేగంతో 12 మీటర్ల రోడ్డుకు 10 సెకన్లు చాలు. మామ్మగారికి 27 కావాలి. ఆశ్రమం ఎదురుగా, రోడ్డుకు అవతల గుడి ఉంది. రెండేళ్ళుగా ఆవిడ అక్కడికి వెళ్ళలేదట. మోకాళ్ళ నొప్పులన్నారు. మాకైతే మోకాళ్ళకన్నా ఆ 17 సెకన్లే అడ్డమనిపించింది.

నడిపిస్తూ పిల్లలు ప్రశ్నలు అడుగుతుంటే, జవాబు చెప్పడానికి ప్రతిసారీ ఆవిడ ఆగిపోయేవారు. ఇది మర్యాద కోసం ఆగడం కాదు. 1997లో లాన్సెట్ పత్రికలో స్వీడన్ పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. ఇలాంటి వసతుల్లో ఉండే 58 మందిని నడుస్తుండగా మాటల్లో పెట్టి చూశారు. మాట్లాడాలంటే నడక ఆపినవారు 12 మంది. ఆ తర్వాతి ఆరు నెలల్లో వారిలో 10 మంది పడిపోయారు. నడకకే మనసంతా పెట్టాల్సి వస్తోందన్నమాట. చెయ్యి పట్టుకుని లాగడం ఇంకా ప్రమాదం. మన మోచెయ్యి అందిస్తే వాళ్ళే పట్టుకుంటారు.

మరుసటి ఆదివారం నలుగురు పిల్లలతో మళ్ళీ వెళ్ళాం. వాచ్‌మన్ చెయ్యెత్తి బళ్ళు ఆపాడు. మామ్మగారు మధ్యలో ఒకసారి ఆగారు. 34 సెకన్లు పట్టింది. అవతలి గట్టు ఎక్కేదాకా మాలో ఎవరమూ నోరు విప్పలేదు.