పచ్చిక పిచ్‌పై నిగ్రహం

2018 జనవరి 24వ తేదీ. దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్, వాండరర్స్ మైదానం. మూడు టెస్టుల పర్యటనలో మొదటి రెండింటినీ కోల్పోయిన భారత జట్టు చివరి టెస్టులో టాస్ గెలిచి, పచ్చిక మెరుస్తున్న పిచ్‌పై తానే ముందుగా బ్యాటింగ్‌కు దిగింది. 13 పరుగులకే ఓపెనర్లు ఇద్దరూ వెనుదిరిగారు. మూడవ స్థానంలో వచ్చిన చతేశ్వర్ పూజారా బంతి వెంట బంతిని ఎదుర్కొంటున్నాడు గాని పరుగు రావడం లేదు. ఇరవై బంతులు గడిచాయి, నలభై గడిచాయి, యాభై దాటాయి. 54వ బంతికి మొదటి పరుగు లభించింది. ప్రేక్షకులు కరతాళధ్వనులు చేశారు. అందులో పరిహాసం ఎంతో, ప్రశంస ఎంతో చెప్పడం కష్టం. 179 బంతులలో 50 పరుగులు చేసి పూజారా నిష్క్రమించాడు. జట్టు మొత్తం 187 మాత్రమే. అయినప్పటికీ ఆ మ్యాచ్‌ను భారత్ 63 పరుగుల ఆధిక్యంతో గెలిచింది.

సాధనామార్గంలో ఉన్నవారికి ఈ క్రీడాప్రసంగం అప్రస్తుతంగా తోచవచ్చు. కాని ఫలం చేతికి అందని స్థితిలో ఒక మనుష్యుడు 53 పర్యాయాలు తన చేతులను తన అధీనంలో ఉంచుకొన్న వృత్తాంతం ఇంద్రియనిగ్రహాన్ని గురించి ఆలోచించేవారికి పూర్తిగా పరాయిది కాజాలదు. పైగా ఆ నిగ్రహం ఎంత కఠినమో తెలియాలంటే ముందు ఆ పిచ్ స్వభావం తెలియాలి.

పచ్చిక పిచ్ అంటే గడ్డి మొలిచిన నేల అని మాత్రమే అర్థం కాదు. మైదానపాలకుడు గడ్డిని కొంత ఎత్తు మేరకు మిగిల్చి, నీటితో తడిపి, రోలరుతో గట్టిపరుస్తాడు. పైకి కనిపించే పచ్చదనం కంటె లోపలి తేమయే ముఖ్యం. బంతికి నడుమ ఉబ్బెత్తుగా ఉండే కుట్టు ఆ తడిగల పచ్చికను తాకినప్పుడు, ఏ పక్కకు తాకితే ఆ పక్కకు బంతి మళ్లుతుంది. స్వింగ్ గాలిలో జరుగుతుంది గనుక తీక్ష్ణదృష్టి గల బ్యాట్స్‌మన్ దానిని కొంత ముందుగా గుర్తించగలడు. సీమ్ అలా కాదు. నేలను తాకిన తరువాతనే అది ఎటు పోతుందో నిర్ణయమవుతుంది. ఒక్కొక్కసారి వేసిన బౌలర్‌కు సైతం అది ముందుగా తెలియదు. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతికి ఆరు వరుసల కుట్టూ చేతితో వేసినదే గనుక చాలా ఓవర్ల వరకు అణగదు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలలో వాడే కూకబురా బంతికి నడిమి రెండు వరుసలు మాత్రమే చేతికుట్టు. దాని ఉబ్బు త్వరగా తగ్గుతుంది, కాని మొదటి ఓవర్లలో అదీ తక్కువదేమీ కాదు.

ఇక కాలాన్ని గణించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గంటకు 135 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బంతి మంచి లెంగ్త్‌లో పడితే, అక్కడినుంచి బ్యాట్‌కు దూరం సుమారు అయిదు మీటర్లు. ఆ దూరాన్ని అది దాటడానికి సెకనులో అయిదవ వంతు కూడా పట్టదు. కన్ను చూచి, బుద్ధి నిశ్చయించి, చేయి కదలడానికి మానవదేహానికి దాదాపు అంత సమయమే కావాలి. అంటే నేలపై బంతి మళ్లిన పిదప దానికి తగిన విధంగా బ్యాట్‌ను సవరించడం ఉత్తమ క్రీడాకారునికి సైతం దాదాపు అశక్యం. సవరించబోయే చేతులు సగం దూరం మాత్రమే వెళ్తాయి, ఆ సగమే అంచు తగలడానికి సరిగ్గా సరిపోతుంది. ఎక్కువగా మళ్లిన బంతి బ్యాట్‌ను పూర్తిగా తప్పించుకొని వికెట్‌కీపర్‌ను చేరుతుంది, ప్రమాదం లేదు. కొద్దిగా మళ్లిన బంతిని వెంబడించిన చేతులే స్లిప్ ఫీల్డర్లకు క్యాచ్‌ను సమర్పిస్తాయి. కనుక పచ్చిక పిచ్‌పై నేర్చుకోవలసిన ప్రథమవిద్య, బంతి ఎటు పోయినా దానిని అనుసరించకుండా మొదట ఎంచుకొన్న రేఖలోనే బ్యాట్‌ను నిలపడం. బంతి బ్యాట్‌ను దాటి పోయినప్పుడు గ్యాలరీలో నిట్టూర్పులు వినిపిస్తాయి, బౌలర్ తలపై చేతులు పెట్టుకొంటాడు, వ్యాఖ్యాత ‘అదృష్టవంతుడు’ అంటాడు. చాలాసార్లు అది అదృష్టం కాదు, సరిగ్గా ఆడిన బంతి.

భారతదేశపు పిచ్‌లపై పెరిగిన చేతులకు ఇది సహజంగా అబ్బదు. ఇక్కడ బంతి మందంగా, తక్కువ ఎత్తులో వస్తుంది. ముందుకు చాచిన పాదం, శరీరానికి దూరంగా వెళ్లిన చేతులు కవర్స్ దిశగా నాలుగు పరుగులు సంపాదించిపెడతాయి. బాల్యం నుంచి వేలసార్లు ఫలించిన ఆ కదలిక చిత్తంలో సంస్కారంగా ఘనీభవిస్తుంది. లీడ్స్‌లోనో పెర్త్‌లోనో అదే కదలిక మృత్యుహేతువవుతుంది. నేర్చినదానిని మరచిపోవడం నేర్వడం కంటె కష్టమని వేదపాఠశాలలో స్వరం తప్పు పట్టిన విద్యార్థిని సరిదిద్దిన ప్రతి గురువుకూ తెలుసు.

రాహుల్ ద్రావిడ్ ఈ మరపును పట్టుదలతో సాధించినవాడు. 2000లో కెంట్ కౌంటీ జట్టు తరఫున ఒక వేసవి అంతా ఇంగ్లండ్‌లో ఆడాడు. దాని ఫలం రెండేళ్లకు పండింది. 2002 ఆగస్టు 22న లీడ్స్ నగరంలోని హెడింగ్లే మైదానంలో ఆకాశం మేఘావృతమై ఉంది, పిచ్‌లో తేమ ఉంది, భారత జట్టు సిరీస్‌లో 0-1తో వెనుకబడి ఉంది. ఏ సారథి అయినా ముందుగా బౌలింగ్‌ను ఎంచుకొనే వాతావరణం. సౌరవ్ గంగూలీ టాస్ గెలిచి బ్యాటింగ్ ఎంచుకొన్నాడు, పైగా కుంబ్లే, హర్భజన్ అనే ఇద్దరు స్పిన్నర్లను జట్టులో ఉంచుకొన్నాడు. పిచ్ ఎండిన తరువాత వారి వంతు వస్తుందన్నది ఆలోచన. అయితే పిచ్ ఎండేవరకు ఎవరో ఒకరు నిలబడాలి. సెహ్వాగ్ 8 పరుగులకే ఔటయ్యాడు, స్కోరు 15. అప్పుడు కలిసినవారు ద్రావిడ్, సంజయ్ బంగర్.

బంగర్ స్వభావతః ఓపెనర్ కాడు, మధ్యమవేగంతో బంతులు వేయగల ఆల్‌రౌండర్. పేరు ప్రఖ్యాతులు లేనివాడు. హొగార్డ్, క్యాడిక్, ట్యూడర్, ఫ్లింటాఫ్ ఒకరి వెంట ఒకరు వస్తున్నారు. బంతి ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఒకటి నడుమును, ఒకటి మోచేతిని తాకుతున్నది. వారిద్దరూ చేసినదల్లా ఆఫ్ స్టంప్ ఎక్కడ ఉందో క్షణమైనా మరువకపోవడం. ఆవల పడిన బంతిని వదిలివేశారు. తప్పక ఆడవలసిన బంతిని కళ్ల కిందికి వచ్చేవరకు ఆగి, చేతులను మెత్తగా ఉంచి ఆడారు. చేతులు మెత్తగా ఉంటే అంచు తగిలినా బంతి స్లిప్ వరకు వెళ్లకుండా ముందే నేలను తాకుతుంది. తప్పిపోయిన బంతి తప్పిపోయింది. మరుసటి బంతికి దాని జాడ ముఖంలో లేదు. ఇద్దరూ కలిసి 170 పరుగులు జోడించారు. బంగర్ 236 బంతులలో 68, ద్రావిడ్ 148. ఆ తొలిరోజు మొత్తం మీద పడినవి రెండే వికెట్లు.

మరునాడు పిచ్ శాంతించింది. సచిన్ 193, గంగూలీ 128. భారత్ 8 వికెట్లకు 628 వద్ద ఇన్నింగ్స్ ముగించి, ఇన్నింగ్స్ 46 పరుగులతో గెలిచింది. కుంబ్లే రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 7 వికెట్లు తీసుకొన్నాడు. ఆ మ్యాచ్‌ను తలచుకొన్నప్పుడు జనం సచిన్, గంగూలీల సాయంకాలపు సిక్సర్లనే చెప్పుకొంటారు, అది సహజమే. గోపురం చూచినవాడు పునాదిని ఎందుకు అడుగుతాడు? 68 పరుగుల బంగర్ మొత్తం ఆడినవి 12 టెస్టులే.

వదలడమే విద్య అయితే అన్నింటినీ వదిలివేస్తే చాలునా అన్న సందేహం రావచ్చు. 2014 జూలైలో లార్డ్స్ మైదానం దానికి సమాధానం చెప్పింది. ఆ పిచ్ పక్కనున్న ఔట్‌ఫీల్డ్‌తో కలిసిపోయేంత పచ్చగా ఉండింది. తొలిరోజు భారత్ 145 పరుగులకు 7 వికెట్లు పోగొట్టుకొన్న స్థితిలో అజింక్య రహానే వదలడం తగ్గించి కొట్టడం పెంచాడు. భువనేశ్వర్ కుమార్ తోడుగా నిలువగా 103 చేశాడు. తోడు లేనిచోట ఓపిక వ్యర్థమని అతడికి తెలుసు. రెండవ ఇన్నింగ్స్‌లో మురళీ విజయ్ దీనికి విపరీతంగా, ఓవర్ల తరబడి బంతులను వదులుతూ 95 వరకు వెళ్లాడు. అదే ఇన్నింగ్స్‌లో విరాట్ కోహ్లీ తాను ఎదుర్కొన్న మొదటి బంతినే, లియాం ప్లంకెట్ వేసినదానిని, బ్యాట్ ఎత్తి వదిలివేశాడు. అది వచ్చి స్టంప్స్‌ను తాకింది. ఆఫ్ స్టంప్ జ్ఞానంతో వదలడం వేరు, భయంతో వదలడం వేరు. బయటినుంచి చూచేవారికి రెండూ ఒకే భంగిమగా కనిపిస్తాయి. ఆ మ్యాచ్‌ను భారత్ 95 పరుగులతో గెలిచింది గాని కోహ్లీకి ఆ వేసవి దుస్సహంగా గడిచింది.

తెలుగువారికి ఈ ప్రసంగంలో గుర్తుకు రావలసినది 2010 డిసెంబరులో దర్బన్. సెంచూరియన్‌లో తడిసిన పిచ్‌పై 136కు కూలి, ఇన్నింగ్స్ తేడాతో ఓడిన జట్టు కింగ్స్‌మీడ్‌కు వచ్చింది. హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ మొదటి ఇన్నింగ్స్‌లో 38, రెండవదానిలో 96 చేశాడు. రెండింటిలోనూ జట్టుకు అత్యధికం అతడిదే. స్టెయిన్ మొదటి ఇన్నింగ్స్‌లో 50 పరుగులకు 6 వికెట్లు తీసిన పిచ్ అది. జహీర్ ఖాన్ చేసినవి 27 పరుగులే గాని, ఎనిమిదవ వికెట్‌కు లక్ష్మణ్‌తో కలిసి 70 జోడించాడు. లక్ష్మణ్‌ది ద్రావిడ్ మార్గం కాదు. పాదం ఎక్కువగా కదలదు, కాని చేతులు చివరి క్షణం వరకు తొందరపడవు. గెలుపు తేడా 87 పరుగులు. ఆ 96 లేకపోతే లెక్క ఎలా ఉండేదో పాఠకులే ఊహించుకోవచ్చు. తరువాతి తరంలో విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 నవంబరు 22న పెర్త్‌లో తన మొదటి టెస్టులోనే 41 పరుగులు చేశాడు. 150కి ఆలౌటైన జట్టులో అదే అత్యధికం. ఆ ఒక్కరోజున ఇరుజట్లవీ కలిసి 17 వికెట్లు పడ్డాయి. విచిత్రమేమంటే, ఎండ కాచిన తరువాత అదే పిచ్‌పై యశస్వి జైస్వాల్, కె.ఎల్. రాహుల్ మొదటి వికెట్‌కు 201 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో సున్నాకు ఔటైన జైస్వాల్ రెండవదానిలో 161 చేశాడు.

కోహ్లీ కథ మిగిలి ఉంది. 2014లో ఇంగ్లండ్‌లో పది ఇన్నింగ్స్‌లకు అతడు చేసినది 134 పరుగులు, సగటు 13.40. జేమ్స్ ఆండర్సన్ ఒక్కడే నాలుగుసార్లు ఔట్ చేశాడు. తిరిగి వచ్చి ముంబయిలో సచిన్‌ను ఆశ్రయించాడు. నిలబడే భంగిమలో నడుము తిరిగే తీరును సరిచేసుకొన్నాడు, బంతి మళ్లడానికి వ్యవధి ఇవ్వకుండా క్రీజుకు వెలుపల నిలబడడం అలవరచుకొన్నాడు. 2018లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లి పది ఇన్నింగ్స్‌లలో 593 పరుగులు చేశాడు, సగటు 59.30. ఆండర్సన్‌కు ఒక్కసారి కూడా చిక్కలేదు. అప్పటి బ్యాటింగ్ శిక్షకుడు మరెవరో కాదు, హెడింగ్లేలో 68 చేసిన సంజయ్ బంగర్. బర్మింగ్‌హామ్‌లో 149 చేసిన ఇన్నింగ్స్‌లో 21 వద్ద ఆండర్సన్ బంతికి కోహ్లీ ఇచ్చిన క్యాచ్ స్లిప్‌లో జారిపోయింది. ఆ క్యాచ్ పట్టి ఉంటే ఈ పరివర్తనకథను ఎవరు చెప్పుకొనేవారు? పురుషప్రయత్నానికి తోడు దైవం కూడా ఒక కారణమని పెద్దలు లెక్కించడం ఊరకనే కాదు.

వాసనలు దగ్ధం కాకుండా అణగి మాత్రమే ఉంటే అనుకూలకాలంలో మళ్లీ మొలకెత్తుతాయని వేదాంతం హెచ్చరిస్తుంది. 2024-25లో ఆస్ట్రేలియాలో పెర్త్ రెండవ ఇన్నింగ్స్‌లో అజేయంగా 100 చేసిన కోహ్లీ, తొమ్మిది ఇన్నింగ్స్‌లకూ కలిపి చేసినది 190. ఎనిమిదిసార్లు ఔటయ్యాడు, ఎనిమిదిసార్లూ బ్యాట్ అంచు తగిలి కీపర్‌కో స్లిప్ ఫీల్డర్లకో చిక్కాడు. అప్పటికి అతడికి 36 ఏళ్లు. లోపం ఏమిటో అతడికి తెలియనిది కాదు, పదేళ్ల క్రితమే దానిని పేరు పెట్టి గుర్తించినవాడు. తెలిసినా చేతులు వెళ్లాయి. శరీరం మందగించిందని కొందరు, మనస్సు అలసిందని కొందరు అన్నారు. ఆఫ్ స్టంప్ ఆవలి బంతిని వదిలి వదిలి విసిగిన చేతులు ఏదో ఒక క్షణాన తమ పాత సుఖాన్ని కోరుకొని ఉంటాయన్నదే సమంజసంగా తోస్తుంది.

2025 మే 12న అతడు టెస్టు క్రికెట్ నుంచి విరమణ ప్రకటించాడు. అంతకు నాలుగు నెలల ముందు, సిడ్నీలో, దట్టంగా పచ్చిక ఉన్న పిచ్‌పై ఆడినదే చివరి టెస్టు ఇన్నింగ్స్ అయింది. అప్పటికి 6 పరుగులు చేసి ఉన్నాడు. బోలండ్ వేసిన బంతి ఆఫ్ స్టంప్‌కు ఆవల పడింది. బ్యాట్ దాని వైపు వెళ్లింది. స్లిప్‌లో స్మిత్ పట్టుకొన్నాడు.