వన్స్ మోర్ అంటే ముకర్రర్

మా ఖాందాన్‌లో ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లే జాగాలు రెండే. ఒకటి దర్జీ దుకాణం, రెండోది దవాఖానా. షాదీకెళ్లినా, పుర్సాకెళ్లినా పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. అలాంటిది యాభై దాటాక "విజయనగరంలో హరిశ్చంద్ర ఆడుతున్నారంట, నేనొక్కదాన్నే వెళ్తాను" అనేసరికి ఇంట్లో అందరూ నా మొహం వైపు చూశారు.

"నాటకమా? అదీ కాటి సీనా? అదీ అకేలీ?" అంది ఆపా.

"దేవుళ్ల కథలు మనకెందుకు బేటీ?" అన్నారు మామూజాన్.

పెద్దాయనతో బహస్ ఎందుకు? ఒక్కటే చెప్పాను. "మామూ, మాట మీద నిలబడినందుకు రాజ్యాన్ని, బీవీని, బిడ్డని పోగొట్టుకున్న మనిషి కథ అది. అయ్యూబ్ అలైహిస్సలాం సబర్ ఖిస్సా చిన్నప్పుడు మీరే కదా మాకు చెప్పారు. అది విన్న చెవులకి ఇది పరాయిగా ఉండదు." ఆయన మళ్లీ ఏమీ అనలేదు.

పద్యనాటకం ఎరగని మన పిల్లల కోసం రెండు మాటలు. యూరప్ వాళ్ల ఒపెరాలో పాత్రలు మాట్లాడాల్సిన చోట పాడతాయి. మన దగ్గర పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ, గుండె నిండగానే పద్యం ఎత్తుకుంటుంది. పక్కన హార్మోనియం. పద్యం అయిపోయినా రాగం అయిపోదు. ఆ రాగాల్లో పార్శీ, ధార్వాడ నాటక కంపెనీలతో వచ్చిన హిందుస్తానీ బాణీల వాసన ఉంటుంది. 1850ల్లోనే లక్నోలో అమానత్ 'ఇందర్ సభ' అనే పాటల నాటకాన్ని ఉర్దూలో రాశారు. తర్వాత పార్శీ కంపెనీలు దాన్ని ఊరూరా ఆడాయి. ఇక విజయనగరం సంగతి. 1919లో పెట్టిన ఇక్కడి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథా పితామహుడని అందరికీ తెలుసు. ఆయన ఫార్సీ నేర్చుకుని, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారని మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

మా అబ్బాకి తెలుసు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. డ్యూటీ లేని రాత్రి టేప్ రికార్డర్‌లో డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర, లేదంటే పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు. పీసపాటి మా బొబ్బిలి వైపు మనిషేనని ఆయనకి మహా ఫఖర్. ఎంత రాత్రి దాకా పద్యాలు విన్నా ఫజర్‌కి మస్జిద్‌లో ఉండేవారు.

అబ్బా పోయి రెండేళ్లు. జనాజా గుమ్మం దాటాక ఏం జరిగిందో నేను చూడలేదు. మగాళ్లు వెళ్లి మట్టి ఇచ్చి వచ్చారు. ఇంటినిండా చుట్టాలు, ఖురాన్‌ఖానీ, వచ్చినవాళ్లకి చాయ్‌లు, నా వీపు నిమురుతూ "సబర్ కరో" అనే చేతులు. ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు.

ఆ రాత్రి ఇషా చదువుకుని బయల్దేరాను. మా వాడు బండి మీద దింపాడు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. నా బుర్ఖా చూసి ఒకరిద్దరు తల తిప్పారు, అంతే. పక్క కుర్చీలో ముసలమ్మ అడిగింది: "ఒక్కదానివే వచ్చీసినావేటమ్మా?"

అవునన్నాను.

"మంచి పని చేసినావు. పక్కనోలు మాటాడతంటే పద్యం ఇనబడదు."

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటి సీనులో మాత్రం జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడటం మన నటుల ఆనవాయితీ. ఫిరదౌసి మీద, ముంతాజ్ మహల్ మీద కావ్యాలు రాసిన జాషువాయే. రాజైనా ఫకీరైనా అక్కడ ఒకటే మట్టి అని హరిశ్చంద్ర పాడుతుంటే నాకు మా ఖబరస్తాన్ గోడ గుర్తొచ్చింది. బయటి నుంచే చూశాను దాన్ని, ఎప్పుడూ. లోపల అబ్బా ఉన్నారు.

తర్వాత చంద్రమతి చచ్చిపోయిన లోహితుణ్ణి మోసుకొచ్చింది. చేతిలో కాసు లేదు. కాటి సుంకం కట్టందే కుదరదంటాడు మొగుడు, ఆమె ఎవరో తెలియక. తెలిశాక కూడా యజమానికి రావాల్సింది వదలడు. అక్కడ ఏడ్చాను. దుపట్టా తడిసేంత ఏడ్చాను. సబర్ కరో అనేవాళ్లు ఎవరూ లేరు. ముసలమ్మ కూడా తన కళ్లు తను తుడుచుకుంటోంది.

పద్యం ముగిసింది. వెనక వరసల్లోంచి "వన్స్ మోర్!" అని కేక. నటుడు గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ముషాయిరాలో షేర్ నచ్చితే మనం "ముకర్రర్" అనమూ? ఇటలీ ఒపెరాల్లో "బిస్" అంటారట. మూడింటికీ అర్థం ఒకటే, మళ్లీ చెప్పు అని. రెండోసారి వింటున్నప్పుడు ఏడుపు ఆగి, పద్యం వినబడింది. అబ్బా కళ్లు మూసుకుని దేనికోసం అంతసేపు కూర్చునేవారో అప్పుడు తెలిసింది.

ఇది చదివే భాయిలకీ బేటాలకీ ఒక గుజారిష్. మీ ఇంట్లో అమ్మీయో, ఆపాయో ఏదైనా ఒక్కదాన్నే చూసొస్తానంటే ఎందుకని అడక్కండి. గేటు దాకా దింపండి. తీసుకురావడానికి మాత్రం చెప్పిన టైముకన్నా గంట ఆలస్యంగా వెళ్లండి. వన్స్ మోర్‌లు ఉంటాయి.