కాడి పడెయ్యని జత

నంద్యాలలో ఇంటర్ చదివే మా మేనల్లుడికి విజేతలను పొగిడే ఇంగ్లీషు విశేషణాలు ఇరవై రాసుకురమ్మని పని ఇచ్చారు. “మామా, అన్‌బీటెన్, ఇన్‌విన్సిబుల్ రెండూ ఒకటేనా?” అన్నాడు. కాదు. మొదటిది ఇంతవరకూ ఓడలేదని చెబుతుంది, రెండోది ఓడించడం ఎవరి తరమూ కాదంటుంది. ఒకటి లెక్క, ఇంకొకటి నమ్మకం. మన పత్రికలు మాత్రం రెండింటికీ ‘అజేయ’ అనే రాసేస్తాయి. బ్యాట్స్‌మన్ అవుట్ కాకుండా వంద కొడితే అది ‘అజేయ శతకం’. ఓడని, ఓడించలేని అని రెండు మంచి మాటలు మనకుండగా ఆ తేడాను ఎందుకు పోగొట్టుకోవాలో నాకు అర్థం కాదు.

గెలిచినవాణ్ణి పొగడటం మా సీమకు కొత్త కాదు. ఆళ్లగడ్డ దాటి కొండల్లోకి వెళితే అహోబిలం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుణ్ణి చూసి దేవతలు “అహో బలం!” అన్నారని, అదే ఊరి పేరైందని స్థలపురాణం. ఒక పొగడ్త ఊరుగా నిలిచిపోయింది! ఆ స్వామికి అక్కడ తొమ్మిది రూపాలు. జ్వాలా నరసింహుడి దగ్గర కోపం ఇంకా మండుతూనే ఉంటుంది. మాలోలుడి దగ్గరికి వచ్చేసరికి పక్కన లక్ష్మి ఉంటుంది. యోగానందుడు నెమ్మదించి కూర్చుంటాడు. గెలిచినవాడికి గెలిచిన క్షణంలో ఒక మాట, చల్లారాక ఇంకో మాట. మావాడి ఇరవై మాటల్లో చల్లారిన విజేతకు ఒక్కటీ లేదు.

ఎన్నికల భాషలోనూ ఈ నేల మాటలకు పని పెట్టింది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వి. మిగిలిన ఒక్కటీ నంద్యాల, గెలిచింది జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి. ‘ఏకైక’ విజేత. ఆ జూలైలోనే ఆయన రాష్ట్రపతిగా ‘ఏకగ్రీవంగా’ ఎన్నికయ్యారు. 1991 ఉప ఎన్నికలో ఇదే నంద్యాల ప్రధాని పి.వి.నరసింహారావును అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థినే నిలబెట్టలేదు.

2014 ఏప్రిల్ 24న ఆళ్లగడ్డ అసెంబ్లీ అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. మేలో ఓట్లు లెక్కిస్తే అక్కడ ఆవిడే గెలిచారు. ‘దివంగత’, ‘విజేత’ ఒకే మనిషి పేరు పక్కన! ఏ భాషవాళ్లయినా ఆ రెంటినీ కలిపి ఒక్క మాట చెయ్యగలరని నేననుకోను.

ఏకగ్రీవం అంటే ఒకటే మెడ అని అర్థం. ఎన్ని తలలున్నా మెడ ఒకటే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎద్దుల జతే గుర్తొస్తుంది. ఆ మధ్య ఒక పండక్కి మావాణ్ణి బండలాగుడు పోటీలకు తీసుకెళ్లాను. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని పళ్లను బట్టి జతలను విడగొడతారు. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగితే అంత. మైకులో ‘వృషభరాజములు’ అంటూ చదువుతున్నారు. ఒక జత దగ్గర బండ మట్టిలో దిగబడి కదల్లేదు. కుడి ఎద్దు మోకాళ్ల మీదికి వచ్చింది, లేచింది, మళ్లీ లాగింది. మా పక్కనున్న ముసలాయన తలపాగా సర్దుకుని అన్నాడు: “కాడి పడేసే జాతి కాదు నాయనా ఇవి.”

ఆ జతకు ఫస్ట్ ప్రైజు రాలేదు. కాడి విప్పాక వాటి రైతు ఆ కుడి ఎద్దు మెడ మీద, కాడి ఒరుసుకుని ఎర్రబడిన చోట, అరచేత్తో చాలాసేపు నిమురుతూ నిలబడ్డాడు. మావాడు నోట్సు తీసి ఇరవై ఒకటోది రాసుకున్నాడు, తెలుగులో.