లంబసింగిలో పల్లపు మడి, మిట్ట మడి

జనవరిలో లంబసింగికి జనం పొగమంచు చూడ్డానికి వెళతారు. నేను కూరగాయల మడుల కోసం వెళ్లాను. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిది. చలి ముదిరితే ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగుతుంది. మైదానంలో టమాటా విరగకాసే ఈ రోజుల్లో ఇక్కడ నారు నాటాలంటే భయపడతారు.

ఒక గిరిజన రైతు తన పెరడు చూపించింది. ఇంటి వెనక నేల వాగు వైపు వాలుగా దిగుతుంది. పొద్దున్నే చూస్తే వాగు ఒడ్డున గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది. కాస్త పైకి వస్తే ఆకుల మీద మామూలు తడే. "పల్లంలో టమాటా పెట్టం బాబూ, మాడిపోద్ది" అందామె. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది.

పల్లపు మడి అంచున దానంతటదే మొలిచిన టమాటా మొక్క ఒకటుంది. పై ఆకులు నల్లపచ్చగా వాలిపోయాయి. ఒకటి తుంచి నలిపితే వేళ్లకు నీరంటింది. ఆకులో నీరు గడ్డకట్టి కణాల పొరలు చిరిగిపోతే, ఎండ తగలగానే అంతా ఇలా కారిపోతుంది. పక్కనే క్యాబేజీ, ముల్లంగి నిక్షేపంగా ఉన్నాయి. బఠాణీ మొక్క చలికి ఓర్చుకుంటుంది గానీ పూత ఓర్చుకోదు. అందుకే దాన్ని ఆమె నడుమ మడిలో వేసింది. వంగ, మిరప ఇంటి గోడ వారన ఉన్నాయి. రాజ్మా అయితే ఆగస్టులోనే విత్తేసి, గట్టి చలి రాకముందే కోసేశారు.

చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతను పత్రికలు పర్యాటకుల కోసమే వేస్తాయి. అది ముందు చేరాల్సింది ఇలాంటి పెరళ్లకని నా గట్టి అభిప్రాయం. ఆకాశం తేటగా ఉండి చలి పెరుగుతుందనిపిస్తే, సాయంత్రమే మడి తడపాలి. తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది.

టమాటా నారు చూరు కింద తట్టల్లో మొలకెత్తుతోంది. రాత్రిళ్లు ఆమె దానిమీద గడ్డి కప్పుతుంది. ఎప్పుడు నాటుతావమ్మా అని అడిగితే, "శివరాత్రి దాటాకే" అంది. అప్పుడు నాటితే కాపు మే నెలకు అందుతుంది. కింద మైదానంలో ఎండలకు టమాటా తగ్గిపోయి, సంతలో మంచి ధర పలికేది అప్పుడే.