లంకలో 'ఉండటం'

జులైలో గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, గంటి పెదపూడి దగ్గర పాయ మీద వేసిన మట్టి రోడ్డు కొట్టుకుపోయేది. ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక... ఈ నాలుగు ఊళ్లకీ ఇక పడవే దిక్కు. 2022 జులై వరద తీసిన కొన్నాళ్లకి నేనా రేవులో నిలబడ్డాను. పక్కన ఇంటర్ చదివే కుర్రాడు, వాళ్ల నాయనమ్మ.

చేతిలో పుస్తకం చూసి నన్ను మేష్టారనుకున్నాడో ఏమో, "అబైడ్ అంటే ఏంటండీ? మా సారు 'కట్టుబడు' అన్నారు, డిక్షనరీలో 'నివసించు' అనుంది" అన్నాడు.

రెండూ రైటే. చట్టానికి లోబడి నడిచేవాణ్ని 'లా అబైడింగ్' అంటాం కదా, అది వాడుకలో ఉన్న మాట. 'నివసించు' అన్న అర్థం పాతబడి, ఇల్లు అని చెప్పే 'అబోడ్'లో మిగిలింది. 'ఐ కాంట్ అబైడ్ హిమ్' అంటే వాణ్ని భరించలేనని. వీటన్నిటికీ ముందున్న అర్థం ఆగు, కనిపెట్టుకుని ఉండు అని. గాంధీగారికి ఇష్టమైన 'అబైడ్ విత్ మీ' కీర్తనలో ఉన్నదీ అదే మాట. ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ నుంచి ఆ పాటని ఆ ఏడే తీసేశారు.

ఇంతా చెప్పి, తెలుగులో ఒక్క మాట దొరక్క తడుముకుంటున్నాను. అవతలి ఒడ్డు నుంచి పడవతను కేకేశాడు: "ఉండండి బాబూ, వచ్చేస్తన్నా!"

దొరికింది! 'ఉండు'. ఎక్కడుంటావంటే నివాసం, కాస్త ఉండమంటే ఆగమని. ఓర్చుకోలేకపోతే 'ఉండబట్టలేదు' అనేదీ దాంతోనే.

పడవలో ముసలావిడ తన గొడవ చెప్పుకొచ్చింది. 86 ఆగస్టు వరదలో పిల్లల్ని పెట్టుకుని అటక మీదే ఉన్నారట. ఆ తర్వాత ఏటికోతకి కొబ్బరిచెట్లు ఒక్కోటీ గోదాట్లోకి ఒరిగాయి. కొడుకు గట్టు మీద ఇల్లు కట్టాడు, రమ్మంటాడు.

"వెళ్లొచ్చు కదండీ?"

"నీళ్లొత్తే వెళ్తానయ్యా. తీత్తే వచ్చేత్తాను. గేదెలున్నాయి, మిగిలిన చెట్లున్నాయి. అక్కడ నేనేం చేత్తాను?"

మనవణ్ని మాత్రం ఈ ఏడు అమలాపురం హాస్టల్లో వేస్తున్నారు. పరీక్షల నాటికి పడవ నడుస్తుందో లేదోనని. ఆవిడకది ఇష్టం లేదు, కాదనీ అనలేదు. వాడు పుస్తకం మూసి, చెప్పులు చేత పట్టుకుని, నాయనమ్మకంటే ముందే బురదలోకి దిగి ఆవిడకి చెయ్యందించాడు.